అక్క తిప్పని రింగులు

ఇంటి గ్యారేజీ,
జనవరి, ఆదివారం

బావమరిదీ,

నువ్వు ఓడెక్కి నలభై రోజులైంది. మీ కంపెనీ ఆఫీసులో ఉత్తరం ఇస్తే అది నిన్ను ఏ రేవులో పట్టుకుంటుందో వాళ్ళకే తెలియదట. పట్టుకున్నప్పుడే చదువు.

మన మొండి కారు నిలబడింది. మూడేళ్ళ కింద తుక్కు కొట్టులోంచి మనం ముగ్గురం తాళ్ళు కట్టి లాక్కొచ్చిన రోజున దాని నేల రేకులోంచి రోడ్డు కనపడేది. ఇప్పుడు అదే నేల మీద మీ అక్క ఎక్కి గెంతింది, కిర్రుమనలేదు. నువ్వు కట్టిపెట్టి వెళ్ళిన ఎనిమిది సిలిండర్ల ఇంజనుని పోయిన వారం గొలుసు కప్పీతో దింపాం. నాలుగు సిలిండర్ల చిన్న ఇంజను ఉండాల్సిన చోట దాన్ని కూర్చోబెట్టడమంటే, ఇద్దరు పడుకునే మంచం మీద ఎనిమిది మందిని సర్దడమే. పక్క రేకులు రెండు వేళ్ళ మేర వెనక్కి కొట్టాను. కార్బురేటర్లు అడ్డొచ్చి బానెట్టు మూతపడలేదు. దానికి గుమ్మటం లేపాను, ఒట్టి సుత్తితో, మూడు రోజులు.

పాత కార్ల సంఘం అధ్యక్షుడు, ఆ పళ్ళ డాక్టరు, చూడడానికొచ్చాడు. "టింకరింగ్ మేస్త్రీ, రేకు బాగా వచ్చిందోయ్. ఇంజను ఎవరు కట్టారు?" అన్నాడు. మా బావమరిది అన్నాను. ఇక అరగంట నీ గురించే. నా గుమ్మటం మీద టీ గ్లాసు పెట్టి మరీ అడిగాడు.

మాట గుర్తుందిలే. నువ్వొచ్చేదాకా బండి గేటు దాటదు. మొదట స్టీరింగు పట్టేది నువ్వే.

బావ

తమ్ముడూ, ఆ గుమ్మటం బోర్లించిన గిన్నెలా ఉందన్నానని మీ బావ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నిజానికి చాలా బాగుంది. నేనన్నానని చెప్పకు. యాక్సిలరేటరు లింకుకి నువ్వు చేసిన బుష్షు బిగుతుగా ఉందేమోనని కొలిచి చూశాను. వెంట్రుకంత తేడా లేదు. పని నేర్పింది నేనేనని కనపడినవాళ్ళందరికీ చెప్పుకుంటున్నాను. — అక్క


ఓడలో వర్క్‌షాపు,
ఫిబ్రవరి

బావా,

ఉత్తరం చదివి మా ఇంజన్ గదిలో ఒక్కణ్ణే నవ్వుతుంటే చీఫ్ ఇంజనీరు నాకు వేడి చేసిందేమో అనుకున్నాడు. ఆ పళ్ళ డాక్టరు ఈసారి వస్తే చెప్పు, ఇంజను ఎవడైనా కడతాడు, రేకుని సుత్తితో అలా ఒప్పించడం నీ ఒక్కడికే చేతనవునని. నిజంగానే అంటున్నాను.

ఇప్పుడు కాస్త తిట్టేలా రాస్తాను, ఏమనుకోకు. ఆ బండికి ఉన్న డ్రమ్ము బ్రేకులు చిన్న ఇంజను కోసం చేసినవి. మన ఇంజను దానికి నాలుగింతల బలం. వీధి చివర దాకా కూడా వాటి మీద వెళ్ళకు. పల్లంలో రెండోసారి తొక్కేసరికి అవి వేడెక్కి జారిపోతాయి, పెడలు నేలకి పోతుంది. పోయిన రేవులో పాత సామాన్ల వాడి దగ్గర మంచి డిస్కు బ్రేకుల జత దొరికింది. చెక్కపెట్టెలో వేసి తారుపూసిన తాడుతో కట్టి పంపాను. ఒకటే చిక్కు. అవి మన చక్రాల హబ్బుల మీద కూర్చోవాలంటే మధ్యలో రెండు ఉక్కు రింగులు కావాలి. కొలతల కాగితం పెట్టెలోనే ఉంది. ఆ రింగులు అక్క తన లేతు మీద తిప్పాలి. ఇంకెవరూ వద్దు. అందులో తేడా వస్తే ప్రాణం మీదికొస్తుంది.

అక్కని అడిగానని చెప్పు.

నీ బావమరిది


ఇంటి గ్యారేజీ,
మార్చి

బావమరిదీ,

పెట్టె అందింది. దిగులు పెట్టుకోకు, పని అయిపోయింది. మీ అక్క రింగులు తిప్పి ఇచ్చింది, గాజుల్లా ఎక్కాయి. బ్రేకు తొక్కితే వెన్నలో కత్తి దిగినట్టుంది. గొట్టాల్లోంచి గాలంతా తీశాను.

మొన్న ఇంజను కూడా అంటించాను. ఆ శబ్దం! పక్కింటి టైలరమ్మ మిషను ఆపి బయటికొచ్చింది. సంఘం వాళ్ళు వచ్చే ఆదివారం బండి చూస్తామంటున్నారు. గ్యారేజీలోనే చూపిస్తాను, మరేం లేదు.

మీ అక్క గడువు పనిలో మునిగిపోయింది. ఈసారి కింద రెండు ముక్కలు రాయడానికి కూడా తీరలేదు.

బావ


ఓడలో వర్క్‌షాపు,
ఏప్రిల్

అక్కా,

ఇది నీ ఒక్కదానికే. బావ రాశాడు, రింగులు గాజుల్లా ఎక్కాయని. అసలు కొలత నిన్ను అడగాలనిపించింది. లోపలి వ్యాసం నేను కొంచెం గట్టిగానే ఇచ్చాను, హబ్బుని వేడి చేశారా, రింగుని చేశారా? పెడలు మొదట మెత్తగా ఉండి తర్వాత గట్టిపడిందా? బావ అన్నీ వెన్న, నెయ్యి అంటాడు గానీ నీలా అంకె చెప్పడు.

నువ్వు రాయక మూడు నెలలైంది. పోయిన ఉత్తరానికీ జవాబు లేదు. అలిగావా? ఎందుకో చెప్పి అలుగు.

తమ్ముడు


ఇంటి గ్యారేజీ,
మే

బావమరిదీ,

ఇక్కడంతా క్షేమం. బండికి రంగు వేసే పనిలో ఉన్నాను. ఒక పూత ఆరాక మరో పూత, తొందర పనికిరాదు. అందుకే చెబుతున్నాను, జూలైలో లీవు పెట్టుకోకు. వచ్చినా ఇక్కడ చూడడానికేం ఉండదు. ఏడాది చివర పెట్టుకో, అప్పటికి మెరుస్తుంటుంది.

మీ అక్క బాగానే ఉంది. చేతి నిండా పని. రాయడం లేదని మనసులో పెట్టుకోకు, మా ఇద్దరి మధ్యా కూడా ఈమధ్య మాటలు తక్కువే.

ఆ లింకు సంగతి నిన్ను అడుగుదామనుకున్నాను, యాక్సిలరేటరుది. అది ఎప్పుడైనా ఇరుక్కునే వీలుందంటావా? ఊరికే అడిగాను.

బావ


ఇంట్లో వెనక గది,
జూన్

తమ్ముడికి,

అక్షరాలు చూసి ఎవరు రాశారో అనుకోకు. నేనే. ఎడమ చేత్తో.

రాయకూడదనుకున్నాను. కానీ మీ కంపెనీ నుంచి మళ్ళీ నీ ఉత్తరం వచ్చింది, ఏమీ జరగనట్టు. ఎంతకాలం ఎరగనట్టుంటావు? మీ బావ నీకు ఏప్రిల్లోనే అన్నీ రాశారట. నీ జవాబులో క్షమించమన్న ముక్క కూడా లేదట. అందుకే నా పేరు మీద వచ్చిన నీ ఉత్తరాలు విప్పలేదు. బీరువా మీద పడేశాను.

మార్చి నెలాఖరు ఆదివారం. సంఘం వాళ్ళు గేటు బయట నిలబడి చూస్తున్నారు. ఒక్కసారి గిడ్డంగుల రోడ్డు దాకా వెళ్ళొద్దాం రమ్మన్నారు మీ బావ. "బ్రేకులు వేశారా?" అని అడిగాను. వేశానన్నారు. ఎక్కాను. వెనక సీట్లో, కుడి పక్క తలుపు అంచు మీద కుడి చెయ్యి వేసుకుని రాణిలా కూర్చున్నాను. పల్లంలో బండి ఆగలేదు. కల్వర్టు గోడకి రాసుకుంటూ పోయింది. తలుపుకీ గోడకీ మధ్య నా చెయ్యి.

రెండు వేళ్ళు తీసేశారు. బొటనవేలు ఉంది గానీ వంగదు. పదిహేడేళ్ళు లేతు మీద పనిచేశాను. వేలి కొసతో ముట్టుకుని రేకు మందం చెప్పేదాన్ని, నీకు తెలుసు. ఇప్పుడు మా ఓనరు నన్ను స్టోర్సు గదిలో కూర్చోబెట్టాడు. బోల్టులు లెక్కపెట్టి కిటికీలోంచి ఇస్తుంటాను.

నీ లింకు ఇరుక్కుపోయింది. యాక్సిలరేటరు వెనక్కి రాలేదు. ఆసుపత్రిలో డాక్టరు అడిగితే మీ బావ చెప్పారు, వీధిలో అందరికీ తెలుసు. స్పానరు పట్టడం నీకు నేను నేర్పాను. నీ చేతి పని నా చెయ్యి తీసింది.

ఇక రాయకు.


ఓడలో నా గది,
జూలై

అక్కా,

రాయకన్నావు. రాస్తున్నాను. ఇదొక్కటి విప్పు.

నాకేమీ తెలియదు. నీ ఉత్తరం చదివే నిమిషం దాకా నీకు దెబ్బ తగిలిందని కూడా తెలియదు. బావ ఏప్రిల్లో నాకు రాయనే లేదు. మార్చిలో ఒకటి, మేలో ఒకటి రాశాడు. రెండూ ఇందులో పెట్టాను. ఆయన చేతిరాత నీకు తెలుసు, తారీఖులు నువ్వే చూసుకో.

చదివాక నాకు మూడే మూడు సంగతులు చెప్పు.

మార్చిలో నువ్వు రెండు ఉక్కు రింగులు తిప్పావా? కొలతల కాగితం పెట్టెలో పంపాను. ఆ రింగులు లేకుండా ఆ బ్రేకులు బండికి ఎక్కవు. ఎవరూ ఎక్కించలేరు.

యాక్సిలరేటరు ఇరుక్కుంటే ఇంజను గొంతు చించుకుని అరుస్తుంది. పల్లంలో అది అరిచిందా?

మూడోది, ఆ లింకుకి నేను రెండు స్ప్రింగులు పెట్టాను, ఒకటి తెగినా ఇంకొకటి లాగేలా. గ్యారేజీలోకి వెళ్ళి నీ ఎడమ చేత్తో లాగి వదులు. ఏమవుతుందో నువ్వే చూడు. నా మాట నమ్మొద్దు.

బావ ఎందుకిలా చేశాడో నాకు తెలియదు. ఆయన సంగతి తర్వాత. నాకు తిండి సయించనిది నీ వల్ల. ఆ బుష్షు నువ్వే కొలిచావు. వెంట్రుకంత తేడా లేదని నీ చేత్తో రాశావు. ఆ కాగితం ఇంకా నా దగ్గరే ఉంది. అంత కొలిచి చూసినదానివి, నా పని పాడని ఇంకొకరు చెబితే ఒక్క మాట నన్నడగకుండా నమ్మావు. మూడు నెలలు నేను రాస్తూనే ఉన్నాను, నువ్వు నన్ను బీరువా మీద పడేశావు.

నీ చెయ్యి గురించి రాయబోతే నాకు రాయడం కావడం లేదు. అందుకే ఆపుతున్నాను.

తమ్ముడు


స్టోర్సు గది,
ఆగస్టు

తమ్ముడూ,

నీ ఉత్తరం ఇక్కడే, బోల్టుల అరల మధ్య చదివాను. తర్వాత సెలవు చెప్పి ఇంటికి వెళ్ళాను. ముందు బీరువా మీద ఉన్నవన్నీ దించి వరసగా విప్పాను. ఏప్రిల్ ఉత్తరంలో హబ్బుని వేడి చేశారా, రింగుని చేశారా అని అడిగావు. ఆ రోజే విప్పి ఉంటే, ఏ రింగు అని నేను అడిగి ఉండేదాన్ని. ఆ రోజే అంతా తేలిపోయేది.

నేను ఏ రింగులూ తిప్పలేదు. నువ్వు కొత్త బ్రేకులు పంపావని చెప్పారే గానీ, రింగులు కావాలని నన్నెవరూ అడగలేదు.

దెబ్బ తగిలిన దగ్గర్నుంచి గ్యారేజీలో అడుగు పెట్టలేదు. ఆ నూనె వాసనకే లేని వేళ్ళు సలిపేవి. మీ బావ కూడా "వద్దు, బాధపడతావు" అంటే నా మీద ప్రేమనుకున్నాను. ఇవాళ తాళం తీశాను. రంగూ లేదు, ఏమీ లేదు. గోడకి రాసుకున్న పక్క అలాగే, మీద టార్పాలిన్. లింకు లాగి వదిలాను. ఠప్పున వెనక్కొచ్చి మూసుకుంది. పదిసార్లు లాగాను, పదిసార్లూ మూసుకుంది. రెండు స్ప్రింగులూ ఉన్నాయి. ముందు చక్రం ఒకటి జాకీ ఎత్తి విప్పాను, ఎడమ చేత్తో గంటన్నర పట్టింది. అవే పాత డ్రమ్ములు, కాలి నీలంగా తిరిగాయి. నీ పెట్టె బెంచీ కింద ఉంది. తారు తాడు ముడి కూడా విప్పలేదు.

అక్కడే నేల మీద కూర్చుని ఆ ఆదివారం గుర్తు తెచ్చుకున్నాను. ఇంజను అరవలేదు తమ్ముడూ. చాలా నెమ్మదిగా ఉంది. నాకు వినపడింది మీ బావ కాలి చప్పుడు. పెడలు వెళ్ళి నేలకి కొట్టుకుంటున్న చప్పుడు. ఇన్నాళ్ళూ అది నా చెవుల్లోనే ఉంది. ఏ శబ్దం దేనిదో చెప్పడం నా వృత్తి. మొగుడు చెప్పాడని ఆ వృత్తిని కూడా పక్కన పెట్టాను.

మీ బావ వచ్చేసరికి పెట్టె బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. చూసి గుమ్మంలోనే ఆగిపోయారు.

"బ్రేకులు వేశానన్నారు" అన్నాను.

"వేద్దామనే అనుకున్నాను."

"అనుకున్నారా అని అడగలేదు."

"సంఘం వాళ్ళు ఆదివారమే వస్తామన్నారు. నీకు గడువు పని. రింగులు తిప్పాలంటే వారం ఆగాలి. ఒక్కసారి రోడ్డు చివర దాకా... వచ్చిన ప్రతివాడూ ఇంజను ఎవరు కట్టారనే అడిగాడే. నేను నడుపుతుంటే ఒక్కసారి చూడాలనిపించింది."

"సరే. నా తమ్ముడి పేరెందుకు చెప్పారు?"

గుమ్మం పక్క గోడకి చేరగిలబడ్డారు. తర్వాత అన్నారు: "వాడు దూరంగా ఉన్నాడు కదా."

ఆ మాట విన్నాక నాకు కోపం కూడా రాలేదు. ఏదో చల్లబడిపోయింది. నా చేతికి కట్టు ఉన్న రోజుల్లో నీకు 'చేతి నిండా పని' అని రాసిన మనిషి ఈయనే అని చూస్తూ కూర్చున్నాను.

మర్నాడు ఒకటే చెప్పాను. "ఎవరెవరికి వాడి పేరు చెప్పారో వాళ్ళందరి దగ్గరికీ వెళ్ళి నిజం చెప్పండి. నేనూ వస్తాను." వెళ్ళాం. చెయ్యి కోసిన డాక్టరు దగ్గర చాలా చుట్టూ తిప్పి చెప్పారు. మా ఓనరు దగ్గర కాస్త తక్కువ. టైలరమ్మ విని, దారం తెంపి, "అయ్యో, ఆ అబ్బాయిని నేనెంత తిట్టానమ్మా" అంది. పళ్ళ డాక్టరు ఇంటికి వచ్చేసరికి మీ బావ నోట "తప్పు నాది, వాడిది కాదు" అన్నంతే వచ్చింది. ఆయన సంఘం పుస్తకంలోంచి మా బండి నమోదు కాగితం తీసి, ఇక సంఘానికి రావద్దని ఇచ్చేశాడు.

అందరిళ్ళూ అయ్యాయి. ఇక నేను చెప్పుకోవాల్సింది మిగిలింది. నేను నిన్ను అడగలేదు. దానికి నా దగ్గర సాకు లేదు. వెతికాను, దొరకలేదు. నొప్పిలో ఉన్నానంటే అది నిజమే గానీ జవాబు కాదు. ఎవరినో ఒకరిని తప్పుపట్టాలి, పక్కన మంచినీళ్ళు అందిస్తున్న మనిషిని పట్టలేకపోయాను. అంతే.

ఇప్పుడు నేను వెనక గదిలో ఉంటున్నాను, ఆయన ముందు గదిలో. వెళ్ళిపోతానో, ఉంటానో తెలియదు. తెలిశాక ముందు నీకే రాస్తాను.

అక్క


ఇంటి గ్యారేజీ,
ఆగస్టు

బావమరిదీ,

అలా పిలిచే హక్కు ఉందో లేదో. అక్క అన్నీ రాసే ఉంటుంది. నేను కొత్తగా చెప్పేదేమీ లేదు.

గోడకి కొట్టుకున్నాక నా నోట్లోంచి మొదట వచ్చిన మాట నీ పేరు. ఆలోచించి చెప్పలేదు. కానీ రెండో రోజు ఆలోచించే చెప్పాను. ఆ తర్వాత రోజూ. దానికి దండం పెట్టినా తీరదు. మేలో నిన్ను లీవు మానుకోమని రాసినప్పుడు తప్పని తెలిసే రాశాను.

బండిని ఏం చెయ్యమంటావు? నువ్వు పగలగొట్టమంటే పగలగొడతాను. ఇంజను విప్పి నీ పేరు మీద భద్రం చెయ్యమంటే చేస్తాను. ఏదో ఒకటి చెప్పు. తిట్టు, పడతాను. ఊరికే ఉండకు.

బావ


ఓడలో వర్క్‌షాపు,
సెప్టెంబరు

బావగారికి,

మీ ఉత్తరం అందింది. బండిని ఏం చెయ్యాలో మీరు నన్ను అడగవలసిన పని లేదు. అడగాల్సినప్పుడు అడగలేదు. అది ఇప్పుడు మా అక్క ఇష్టం.

మీరు తిట్టమన్నారు. మూడు కాగితాలు రాసి చింపేశాను. మిమ్మల్ని తిట్టాలంటే ముందు నువ్వు అని పిలవాలి. అది నాకు చేతకావడం లేదు.

ఇట్లు


ఓడలో నా గది,
సెప్టెంబరు

అక్కా,

నీ ఉత్తరాన్ని చాలాసార్లు చదివాను. ‘ఫరవాలేదు’ అని రాద్దామని కూర్చున్నాను, రాలేదు. అబద్ధం రాయలేను. ఈ ఏడాది మనింట్లో ఉత్తరాల్లో రాసిన అబద్ధాలు చాలు.

నువ్వు పని నేర్పిన రోజుల్లో నేను ఏదైనా పాడు చేస్తే, ముందు "ఇలా ఎందుకు చేశావురా?" అని అడిగేదానివి. తర్వాతే తిట్టేదానివి. ఈసారి ఆ ప్రశ్న రాలేదు. నాకు గుచ్చుకున్నది అదే. ఇంకా ఉంది. ఎప్పటికి పోతుందో చెప్పలేను. నీ జవాబు నిజమని మాత్రం తెలుసు.

చీఫ్ ఇంజనీరుని అడిగి లీవు ముందుకు జరిపించుకున్నాను. నవంబరు పదో తారీఖున మా ఓడ రేవుకొస్తుంది. ఆ ఇంటికి రాను, ఆ గ్యారేజీ చూడను. నువ్వు పనిచేసే చోటికి వస్తాను, మధ్యాహ్నం బడలిక తీర్చుకునే వేళకి. కోపం తగ్గి వస్తున్నాననుకోకు. అది వేరు, ఇది వేరు.

చెయ్యి వెనక్కి దాచుకోకు. ముందు అది చూడాలి. మాటలు తర్వాత.

తమ్ముడు